ఆ ఉదయం బండి గేరులో లేదు

ఆ ఉదయం మా బండి గేరులో లేదు. ఈ ఒక్క మాట ముందు రాసేస్తే మిగతాది రాయగలనేమోనని మొదటే రాస్తున్నాను.

ఆరేళ్ళపాటు మా అపార్ట్‌మెంట్‌లో అందరూ నమ్మింది వేరు. ముందురోజు సాయంత్రం వాచ్‌మన్ మా కారును గేరులో వదిలేశాడనీ, పొద్దున నేను తాళం తిప్పగానే అది దానంతటదే వెనక్కి దూకిందనీ, అతని భార్య తుంటి ఎముక అలా విరిగిందనీ. ఆ మాట మొదట అన్నది నేను కాదు. కానీ అది నిజం కాదని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పలేదు.

నేను కారు నేర్చుకున్నది నలభై దాటాక. తెనాలి నుంచి వచ్చి అమీర్‌పేటలో స్థిరపడి అప్పటికే చాలా ఏళ్ళయింది. ఆఫీసు పంజాగుట్టలో. బస్సుల్లో, ఆటోల్లో హాయిగా తిరిగినవాణ్ణి, ఇంట్లో పోరు పడలేక కొన్నాను. మొదటి కారుకు క్లచ్ ఉండేది. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేచోట బండ్లన్నీ ఆగిపోతే నాకు ఒళ్ళంతా చెమటలు పట్టేవి. బ్రేకు మీది కాలు తీసి యాక్సిలరేటర్ మీద పెట్టేలోపు బండి వెనక్కి జారుతుంది. వెనక ఏదో ఒక ఆటో ముక్కు అద్దం నిండా కనిపిస్తుంటుంది. ఒకరోజు జారింది, ఆటోకు తగిలింది. ఆటో అతను దిగివచ్చి నా కిటికీ దగ్గర వంగి, "అన్నా, నాకు ఇద్దరు పిల్లలున్నరు, జర చూస్కో" అని నవ్వి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ నెలలోనే ఆ కారు అమ్మేసి, ఒకరు వాడిన ఆటోమేటిక్ కారు తెచ్చుకున్నాను.

క్లచ్ లేదు కాబట్టి ఇక భయం లేదనుకున్నాను. చలికాలం వచ్చేదాకా అలాగే అనుకున్నాను.

డిసెంబరులో ఒక పొద్దున సెల్లార్‌లో బండి స్టార్ట్ చేసి, మీటను రివర్స్‌లోకి తెచ్చి, బ్రేకు వదిలాను. కదల్లేదు. ఒక క్షణం, రెండు క్షణాలు ఏమీ లేదు. పాడైపోయిందనుకునేలోపు అడుగున ఎవరో తన్నినట్టు ధబ్‌మని శబ్దం వచ్చి బండి వెనక్కి గెంతింది. బ్రేకు తొక్కేలోపు స్తంభానికి జానెడు దూరంలో ఉన్నాను. రోడ్డు మీదా అంతే. ఎండాకాలంలో మెత్తగా గేర్లు మార్చుకునే బండి ఆ పొద్దున రెండో గేరును పట్టుకుని వదలకుండా, మెట్రో స్టేషన్ దాటేదాకా ఏడుస్తూ నడిచింది.

యూసుఫ్‌గూడలో ఒక సందు చివర రేకుల షెడ్డు వేసుకున్న మెకానిక్ ఉండేవాడు. ఆటోమేటిక్ బండ్లు చూడటంలో అప్పట్లో ఆ చుట్టుపక్కల అతనికే పేరు. నేను చెప్పింది విని తాపీగా చేతులు తుడుచుకున్నాడు.

"సార్, మీరు నిద్రలేవంగనే ఉరుకుతరా? గిది సుత గంతే. లోపట ఆయిల్ చలికి గట్టిగైతది. గది అంతట పోయి గేరును పట్టాలంటే జర టైం పడ్తది. పట్టేదాక మీ కాలు బ్రేకు మీదనే ఉండాలె."

చల్లని ఇంజను స్టార్ట్ చేయగానే తనను తాను వేడి చేసుకోవడానికి మామూలు కంటే వేగంగా తిరుగుతుందని అతనే చెప్పాడు. ముందర డయల్‌లో ముల్లు పైన ఉంటుంది. అది మెల్లగా కిందికి దిగాలి. దిగాకే గేరు వేయాలి. వేశాక ఐదు లెక్కపెట్టాలి. అది పట్టుకున్నట్టు సీటు కింద తెలుస్తుంది, అప్పుడే బ్రేకు వదలాలి. ఈలోపల కదలడం లేదని యాక్సిలరేటర్ తొక్కామా, ఆ ఊపంతా దాచుకుని ఒక్కసారే పట్టుకుంటుంది. ఇదంతా చెప్పి, నేను ఎక్కడి నుంచి ఎక్కడికి పోతానని అడిగాడు. చెప్పాను. "అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఎంత సార్, గిది మంచిగ ఉడుకయ్యేటప్పటికి మీ ఆఫీసే వస్తది" అన్నాడు.

అంటే, నాకు అన్నీ తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

మా సెల్లార్‌లో చోటు తక్కువ. ఒక బండి వెనక ఒకటి పెట్టుకోవాలి. అందుకని అందరి తాళాలూ వాచ్‌మన్ గదిలో ఒక చెక్క మీద మేకులకు వేలాడుతుండేవి. ఎవరు ముందు వెళ్ళాలో చూసుకుని బండ్లు తీసి పెట్టేది అతనే. మహబూబ్‌నగర్ వైపు మనిషి, ఊళ్ళో ట్రాక్టర్ నడిపిన చెయ్యి. మా ఆటోమేటిక్ బండిని మొదటిసారి తీసినప్పుడు, "గిది బండి కాదు సార్, లిఫ్టు" అన్నాడు. చలికాలమంతా నేను దిగడానికి పావుగంట ముందే స్టార్ట్ చేసి ఉంచేవాడు. నేను సీట్లో కూర్చోగానే వెనక నిలబడి డిక్కీ మీద అరచేత్తో కొడుతూ "రానీ, రానీ, రానీ... బస్" అనేవాడు. ఆ దెబ్బలు వినిపిస్తున్నంతసేపూ నాకు ధైర్యంగా ఉండేది. నా భయం సంగతి అతనికి తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

అతని భార్య సెల్లార్‌లోనే ఇస్త్రీ చేసేది. మా బండి పెట్టే చోటికి వెనక, గోడవార ఆమె బల్ల. బొగ్గుల ఇస్త్రీ పెట్టె. పొద్దున్నే బొగ్గులు రాజేసి, పెట్టె బాగా కాలేదాకా బట్ట ముట్టేది కాదు.

ఆ రోజు నాకు ఆఫీసులో పెద్ద అధికారి వస్తున్నాడని రోజూ కంటే ముందే దిగాను. వాచ్‌మన్ పైన ట్యాంకు దగ్గర ఉన్నాడు. నన్ను చూసి ఆమే గదిలోకి వెళ్ళి మేకు మీది తాళం తెచ్చి ఇచ్చింది. "గాయన ట్యాంకు కాడికి పోయిండు సారు. జర ఆగున్రి, బండి ఉడుకైతది" అని ఒకసారి చెప్పింది. నేను గడియారం చూసుకుంటూ బండెక్కాను. ఆమె బల్లకూ గోడకూ మధ్యకు వెళ్ళి, బండి వైపు వీపు పెట్టి బొగ్గులకు విసరడం అద్దంలో చూశాను. చూశాను అని మళ్ళీ రాస్తున్నాను.

స్టార్ట్ చేశాను. ముల్లు పైనే ఉంది. మీటను రివర్స్‌లోకి లాగాను. బండి కదల్లేదు. ఐదు లెక్కపెట్టాలి. ఒకటి, రెండు దాకా లెక్కపెట్టినట్టు గుర్తు. ఆఫీసులో అధికారి ముఖం కళ్ళ ముందుంది. బ్రేకు మీది కాలు తీసి యాక్సిలరేటర్ తొక్కాను.

ఇంజను అరిచింది. బండి కదల్లేదు. ఇంకొంచెం తొక్కాను. అప్పుడు పట్టుకుంది.

బల్ల విరిగిన శబ్దం ముందు వినిపించింది. ఆమె గొంతు తరవాత. మీటను పార్క్‌లోకి తోసి, ఇంజను ఆపి దిగాను. బల్లకూ గోడకూ మధ్య ఆమె ఒరిగిపోయి ఉంది. బొగ్గులు బండి కిందికి దొర్లి ఎర్రగా వెలుగుతున్నాయి. నాకు ముందు వేసిన భయం ఆమె గురించి కాదు. పెట్రోలు ట్యాంకు అక్కడే ఉంటుందని గుర్తొచ్చి, నీళ్ళ బకెట్ కోసం పరిగెత్తాను. బొగ్గులు ఆర్పాకే ఆమె దగ్గరికి వెళ్ళాను.

అరుపులకు అందరూ దిగారు. అసోసియేషన్ సెక్రటరీ లుంగీతోనే వచ్చారు. మావైపు మనిషే, రిటైరైన ఇంజినీరు, ముప్పై ఏళ్ళుగా కారు నడుపుతున్న పెద్దమనిషి. "ఏమైందండీ?" అని నన్ను అడిగారు. "తాళం తిప్పానండీ..." అన్నాను. ఆ తరవాత ఏం చెప్పేవాణ్ణో నాకు ఇప్పటికీ తెలియదు. చెప్పే అవసరం రాలేదు. ఆయనే పూర్తి చేశారు.

"తాళం తిప్పగానే దూకిందా? అయితే గేరులో వదిలేసి చచ్చాడు. నిన్న బండి తీసింది వాడే కదా?"

నేను తలూపాను.

అందరూ ఎందుకు నమ్మారంటే, వాళ్ళ బండ్లన్నీ క్లచ్ బండ్లు. గేరులో ఉన్న బండికి క్లచ్ తొక్కకుండా తాళం తిప్పితే ఎగిరి దూకుతుంది. ప్రతివాళ్ళకూ ఎప్పుడో ఒకసారి అయిన అనుభవమే. సెల్లార్‌లో ఆటోమేటిక్ బండి మాదొక్కటే. అది గేరులో ఉంటే అసలు స్టార్టే కాదని అక్కడ నాకు తప్ప ఎవరికీ తెలియదు, ఎప్పుడూ సరిగ్గానే ఆపే వాచ్‌మన్‌కు కూడా. ఇంకొకటి కూడా తెలియదు. మీటను ఏ గేరూ లేని పార్క్‌లో పెడితే తప్ప ఆ బండి తాళం బయటికే రాదు. తాళం మేకుకు వేలాడుతూ ఉందంటేనే అతను బండిని సరిగ్గా పెట్టాడని. ఆ తాళాన్ని ఆమే తన చేత్తో తెచ్చి నాకిచ్చింది.

వాచ్‌మన్ అయిదంతస్తులు పరిగెత్తి దిగాడు. భార్యను ఎత్తుకుంటుండగా ఎవరో గేరు సంగతి అరిచారు. అతను తలెత్తి, "నేనే తీసిన సార్ నిన్న" అన్నాడు. అంతే అన్నాడు.

పంజాగుట్టలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. ఖర్చంతా నేనే పెట్టుకున్నాను. ఆమె ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ లిఫ్టులో ఎదురైన ప్రతివాళ్ళూ, తప్పు వాడిదైనా మీరు పెద్ద మనసు చేసుకున్నారన్నారు. రెండో రోజు వరండాలో వాచ్‌మన్ నా దగ్గరికి వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సార్, మస్తు సోంచాయించిన. యాదికొస్తలేదు. పార్క్‌లనే పెట్టిన అనుకున్న. మర్సిపోయిన కావచ్చు. మాఫ్ జేయున్రి."

నేను అతని భుజం మీద చెయ్యి వేసి, పర్లేదులే, ఎవరికైనా జరుగుతుందన్నాను. ఇది కూడా రాయాలి. అతన్ని క్షమించాను నేను.

నేనేం చూసి భయపడ్డానో ఇప్పుడు ఆలోచిస్తే వింతగా ఉంటుంది. పోలీసులు, కేసు, లైసెన్సు, ఆఫీసు. పెద్దలంతా కలిసి మాట ఎక్కడా పొక్కకుండా సర్దేశాక ఆ భయాలేవీ లేవు. అప్పుడైనా చెప్పొచ్చు. కానీ అప్పటికి ఇంకో భయం పట్టుకుంది. అన్ని రోజులు ఎందుకు చెప్పలేదని అడుగుతారని.

ఆదివారం డాబా మీద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని మీటింగ్ పెట్టారు. బండ్లతో జాగ్రత్తలేని మనిషిని ఉంచుకోలేమన్నారు. కొన్నాళ్ళు ఆగుదామండీ, పాపం, ఆమెకు నడక రావాలి కదా అన్నాను. నా మంచితనం మీద ఇంకోసారి మాట్లాడుకున్నారు. నెల గడువు ఇచ్చారు. సామాను ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వెళ్ళిన రోజు నేను బాల్కనీలో ఉన్నాను. ఆమె డ్రైవర్ పక్కన కాలు చాపుకుని కూర్చుంది. అతను వెనక, విరిగిన బల్ల చెక్కల పక్కన.

మా ఆవిడ ఆ రాత్రి భోజనాల దగ్గర, "పార్క్‌లో పెడితే కానీ ఆ తాళం రాదు కదా?" అంది. నేనే ఎప్పుడో చెప్పి ఉంటాను. కంచం తోసేసి అరిచాను. ఆవిడ మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

బంపర్ బాగుచేయించడానికి యూసుఫ్‌గూడ షెడ్డుకు వెళ్ళినప్పుడు మెకానిక్ ఏమైందని అడిగాడు. అలవాటైపోయిన అబద్ధమే చెప్పాను. వాచ్‌మన్ గేరులో వదిలేశాడు, తాళం తిప్పగానే దూకిందన్నాను. స్క్రూ విప్పుతున్న చెయ్యి ఆగింది.

"గేర్ల ఉంటే గిది స్టార్టే కాదు గద సార్" అన్నాడు.

నేను ఫోన్ చూసుకున్నాను. అతను కాసేపు నన్ను చూసి, మళ్ళీ స్క్రూ విప్పడం మొదలుపెట్టాడు. ఆ తరవాత నేను ఆ షెడ్డుకు పోవడం మానేశాను. ఎర్రగడ్డ వైపు వేరే చోటు వెతుక్కున్నాను.

ఈ ఆరేళ్ళూ నేను బతికిన భయం గురించి ఎక్కువ రాస్తే జాలి కోసం రాసినట్టుంటుంది. ఒక్కటి చెబుతాను. ట్రాఫిక్ పెరిగేకొద్దీ మా బిల్డింగ్‌లో ఒక్కొక్కరే ఆటోమేటిక్ కార్లు కొనడం మొదలుపెట్టారు. కొత్త బండికి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తుంటే అందరితో పాటు నేనూ నిలబడి చప్పట్లు కొట్టి, ఎవరూ గేర్ల మాట ఎత్తకముందే పైకి వచ్చేసేవాణ్ణి. రెండో అంతస్తులోకి కొత్తగా వచ్చిన కుర్ర ఉద్యోగి ఒకసారి లిఫ్టు దగ్గర తన బండిని పొగుడుతూ, "గేరులో ఉంటే స్టార్టే అవదండీ, అంత సేఫ్" అన్నాడు. పక్కన సెక్రటరీ గారున్నారు. ఆయన ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు కళ్ళు చిట్లించి నా వైపు తిరిగారు. లిఫ్టు వచ్చింది. ఎక్కలేదు నేను. మెట్ల మీద నాలుగంతస్తులు ఎక్కి, ఇంటి తలుపు ముందు కూర్చుండిపోయాను. ఆయన ఆ తరవాత ఏమీ అడగలేదు. అడుగుతారేమోనని రెండు నెలలు ఆయన వాకింగ్‌కు వెళ్ళే వేళ చూసుకుని బయటికి వచ్చాను.

కిందటి చలికాలంలో బండి మొండికేసింది. పొద్దున గేరు వేస్తే ఐదు కాదు, ఎనిమిది లెక్కపెట్టినా పట్టడం లేదు. ఎర్రగడ్డ షెడ్డువాళ్ళు చేతులెత్తేసి, ఈ మోడల్ చూడాలంటే యూసుఫ్‌గూడలో ఒకాయనే అన్నారు. ఎవరో నాకు తెలుసు.

మెకానిక్ జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టాడు. ఆయిల్ మార్చాలి, ఫిల్టర్ మార్చాలి, అయినా మునుపటంత చురుగ్గా రాదన్నాడు. పని చేస్తూ, నా వైపు చూడకుండానే చెప్పాడు.

"మీ పాత వాచ్‌మన్ గీ పక్క సందులనే ఉంటుండు సార్. నా దగ్గర పని జెయ్యి, బండ్లు బయటికీ లోపటికీ తియ్యమన్న. స్టీరింగ్ ముట్టనంటుండు. చేతులు వణుకుతయట."

నేను బంపర్ మీది దుమ్ము వేలితో తుడిచాను.

"నేను చెప్పిన సార్. అరే, గా బండి గేర్ల ఉంటే స్టార్ట్ కాదు, నీ తప్పు లేదు అని. ఇనడు. ఏమన్నడో ఎర్కనా? సారు ఆసుపత్రి ఖర్చంత పెట్టుకున్నడు, సారు నాకెందుకు అబద్ధం జెప్తడు అన్నడు."

బండి అక్కడే వదిలి ఇంటికి నడిచి వచ్చాను. మరుసటి రోజు సాయంత్రం బండి తీసుకుని, షెడ్డు నుంచి నేరుగా ఆ సందులోకి పోనిచ్చాను. మూడంతస్తుల చిన్న బిల్డింగ్. గేటు పక్కన ఇస్త్రీ బల్ల. ఆమె ఒక చంకలో కర్ర ఆనించుకుని, ఇంకో చేత్తో చొక్కా ఇస్త్రీ చేస్తోంది. నన్ను చూసి ఒక్క క్షణం పెట్టె ఆపింది. "ఓ, సారు! ఎన్నేండ్లకు! కూసోండ్రి" అని ప్లాస్టిక్ స్టూలు చూపించి, లోపలికి కేకేసింది. అతను వచ్చాడు. చిక్కి సగమైపోయాడు. నా బండిని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

కాలు ఎలా ఉందని ఆమెను అడిగాను.

"ఏముంది సారు. గాయన ఒక్క గేరు మర్సిపోయిండు, నేను జిందగీ అంత కుంటుతున్న" అని నవ్వింది. ఆ మాట చాలాసార్లు అని అలవాటైన నవ్వు. అతన్ని కూడా నవ్వించాలని అన్నట్టుంది. అతను నవ్వలేదు. నేల చూస్తున్నాడు.

"అతను మర్చిపోలేదమ్మా" అన్నాను.

మొత్తం చెప్పాను. ముల్లు, రివర్స్, రెండు దాకా లెక్క, యాక్సిలరేటర్. సెక్రటరీ గారు అన్నదీ, నేను తలూపిందీ. చెప్పడం అయ్యాక, ఇస్త్రీ పెట్టె కింద బట్ట మాడిన వాసన వస్తే ఆమె చటుక్కున ఎత్తి పక్కన పెట్టింది.

ఆమే ముందు మాట్లాడింది. "గీ మాట గప్పుడే చెప్తే ఏమైతుండె సారు?"

భయమేసిందన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మా బామ్మర్ది రెండేండ్లు నన్ను ఇంట్లకు రానియ్యలె" అన్నాడు అతను. గొంతు పెంచలేదు. "మా అక్క కాలు ఇరగ్గొట్టినోనివి అన్నడు. నేను ఔనన్న." బండి వైపు చూశాడు. "గేర్ల ఉంటే నిజంగనే స్టార్ట్ కాదా సార్?"

తాళం చేతికిచ్చాను. చాలాసేపు దాన్ని అరచేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తరవాత వెళ్ళి సీట్లో కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. బ్రేకు తొక్కి, మీటను రివర్స్‌లో పెట్టాడు. తాళం తిప్పాడు. ఏ చప్పుడూ లేదు. మళ్ళీ తిప్పాడు. తాళం బయటికి లాగి చూశాడు, రాలేదు. పార్క్‌లో పెట్టి లాగితే వచ్చింది. మళ్ళీ దూర్చి, మళ్ళీ రివర్స్‌లో తిప్పాడు. ఎన్నిసార్లు తిప్పాడో నేను లెక్కపెట్టలేదు. అతని మెడ మీద నరం కొట్టుకోవడం చూస్తూ, ఇప్పుడు నన్నేం చేసినా సరేననుకుంటూ కూర్చున్నాను. చివరికి పార్క్‌లో పెట్టి స్టార్ట్ చేశాడు. బ్రేకు మీద కాలుంచి రివర్స్ వేశాడు. బండి వెంటనే మెత్తగా పట్టుకుంది.

"మరి గిది ఆగలే గద. వెంటనే పట్టింది."

"ఇప్పుడు వేడిగా ఉంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడైతేనే ఆగుతుంది."

"అయితే బండి గీడనే ఉండనీ. పొద్దుగాల రాండ్రి" అన్నాడు. దిగి, తలుపు వేసి, నా కళ్ళలోకి మొదటిసారి చూశాడు. "నాకు చెప్పుడు ఒక్కటే కాదు సార్. మా బామ్మర్దికి చెప్పాలె. గా బిల్డింగ్‌ల చెప్పాలె."

చెబుతానన్నాను.

పొద్దున్నే యూసుఫ్‌గూడకు నడిచాను. మంచు పడి అద్దాలు తెల్లగా ఉన్నాయి. అతను అప్పటికే సీట్లో ఉన్నాడు, స్టార్ట్ చేయకుండా, నా కోసం. ఆమె కర్ర ఊతంతో వచ్చి బండి వెనక పక్కగా నిలబడింది. ఇంకా దూరం జరగమని నేను రెండుసార్లు అన్నాను. "ఏం గాదు సారు. గాయన కాలు బ్రేకు మీదనే ఉంటది" అంది.

స్టార్ట్ చేశాడు. ముల్లు పైకి లేచింది. కిందికి దిగే దాకా ఆగకుండానే, నేను ఆ రోజు చేసినట్టే, రివర్స్ వేశాడు. కాలు మాత్రం బ్రేకు మీదే ఉంది. పైకి లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. ఇంజను రొద తప్ప ఏమీ లేదు. నాలుగు దగ్గర అడుగున ధబ్‌మంది. బండి ఒళ్ళు ఒక్కసారి అదిరి ఆగింది.

"పట్టింది" అన్నాడు.

మెల్లగా బ్రేకు వదిలాడు. బండి ఒక మూర వెనక్కి జరిగింది. ఆమె అరచేత్తో డిక్కీ మీద కొట్టింది. "రానీ... రానీ... బస్."

అతను ఇంజను ఆపి, స్టీరింగ్ మీద తల వాల్చి చాలాసేపు అలాగే ఉన్నాడు. మేమిద్దరం వేరే వైపు చూస్తూ నిలబడ్డాం.

అతని బామ్మర్దికి అక్కణ్ణించే ఫోన్ చేసి చెప్పాను. అతను నన్నన్న మాటలు అనదగ్గవే. ఆదివారం మా డాబా మీద మీటింగ్‌లో లేచి చెప్పాను. సగంమంది కొత్తవాళ్ళు, ఎవరి గురించో కూడా తెలియదు. సెక్రటరీ గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఇప్పుడెందుకండీ ఇవన్నీ తవ్వడం, పుస్తకంలో రాయడం బాగుండదు" అన్నారు. మీటింగ్ పుస్తకంలో ఆరేళ్ళ కిందటి పేజీ అలాగే ఉంది. వాచ్‌మన్ నిర్లక్ష్యం వల్ల, అని. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రాసింది తీసుకెళ్ళి వాళ్ళిద్దరికీ చదివి వినిపించాను. ఆమె ఒకచోట ఆపింది. తాళం ఇచ్చినప్పుడు బండి ఉడుకయ్యేదాకా ఆగమని ఒకసారి చెప్పిందని రాశాను కదా.

"ఒక్కసారి కాదు సారు. రెండుసార్లు చెప్పిన. రెండోసారి మీరు కిటికీ అద్దం ఎక్కించుకున్నరు" అంది.

అది కూడా రాయమంది. రాశాను.